కొత్త బియ్యం, పాత ఎసరు

'మీ అమ్మాయి సాఫ్ట్‌వేరులో ఏం చేస్తుందండీ?' అని ఎవరైనా అడిగితే మా అమ్మ తడుముకోకుండా 'పొట్లాలు కడుతుంది' అంటుంది. విన్నవాళ్లు నవ్వేస్తారు. నిజానికి అంతకన్నా సరిగ్గా చెప్పడం నాకూ చేతకాలేదు. ఎవరో రాసిన ప్రోగ్రాములను లినక్స్ కంప్యూటర్లలోకి ఎక్కించడానికి వీలుగా సర్ది కట్టడమే నా ఉద్యోగం. మా భాషలో ప్యాకేజింగ్.

ఈ రోజుల్లో ఏ ప్రోగ్రామూ ఒంటరిగా బతకదు. తేదీలు లెక్కపెట్టడానికి ఒకటి, అక్షరాలు సరిచూడ్డానికి ఒకటి... ఇలా వేరేవాళ్లు రాసిపెట్టిన లైబ్రరీలను వాడుకుంటుంది. ప్రోగ్రాం రాసినాయన వాటికో చీటీ కూడా పెడతాడు. 'ఫలానా లైబ్రరీ కావాలి, 1.2 నుంచి 2.0 లోపు ఉండాలి' అని. చిక్కంతా ఆ 'లోపు' దగ్గరే. మా దగ్గర అప్పటికే 2.0 వచ్చేసి ఉంటుంది.

పాతది కూడా ఓ మూల పడేసి ఉంచుకోవచ్చుగా అంటారేమో! ఉంచుకోవచ్చు. కానీ ఒక్కో లైబ్రరీకి ఒకే ప్రతి ఉంటే ఎంత సుఖమో 2014 ఏప్రిల్‌లో తెలిసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడితే, చాలా లినక్స్ సర్వర్లలో ఆ కన్నం పూడ్చడానికి ఆ ఒక్క లైబ్రరీని మార్చి, దాన్ని వాడే ప్రోగ్రాములను మళ్లీ మొదలుపెడితే సరిపోయింది. అదే 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే గొడవ వచ్చినప్పుడో? జావా ప్రోగ్రాములు చాలావరకు ఎవరి కాపీని వాళ్లు కడుపులో దాచుకున్నాయి. అది ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడమే పెద్ద పనైపోయింది.

అందుకే పాతదాన్ని పోగేయకుండా చీటీనే దిద్దుతాం. పొట్లం కట్టే విధానమంతా స్పెక్ ఫైలులో రాస్తాం. అందులో శాతం గుర్తు పెట్టి ఒక పేరు రాస్తే, దాని వెనక దాచిన నాలుగైదు లైన్ల పని జరిగిపోతుంది. అదే మ్యాక్రో. లైబ్రరీ పేరు, పాత హద్దు, కొత్త హద్దు- ఈ మూడూ చెబితే చాలు, చీటీలో వెతికి 2.0ని 3.0గా మార్చేస్తుంది. ఇదేం నా సొంత తెలివి కాదు. ఫెడోరా లినక్స్‌లో హాస్కెల్ భాష ప్రోగ్రాముల కోసం ఇలాంటి ఉపకరణమే ఉంది. నేను నాదానికి ఒక షరతు కలిపాను. పాత హద్దు చీటీలో కనబడకపోతే అది ఊరుకుని ముందుకెళ్లకూడదు, అక్కడే ఆగి అరవాలి. చీటీ రాసినాయన మనసు మార్చుకున్నాడన్నమాట!

ఇదంతా విని అమ్మ ఒకే ప్రశ్న వేసింది. 'వండేవాడు పాత బియ్యమే అని రాశాక, చీటీ దిద్దడానికి నువ్వెవరివే?'

కొత్త బియ్యానికి ఎసరు తక్కువ పెట్టాలి. పాత లెక్కన పోస్తే అన్నం ముద్దయిపోతుంది. అమ్మ అడిగింది న్యాయమే. కానీ చాలాసార్లు ఆ హద్దు పరీక్షించి పెట్టింది కాదు. చీటీ రాసేనాటికి 2.0 పుట్టనే లేదు. రాబోయేది ఎలా ఉంటుందోనన్న భయంతో గీసిన గీత అది. ఆ భయం నిజమో కాదో వండి, మెతుకు పట్టి చూస్తేగానీ తెలీదు.

రెండేళ్ల కిందట, మందుల కవర్ల మీద అతికించే చీటీలు ముద్రించే ప్రోగ్రాం ఒకటి నా దగ్గరికొచ్చింది. ఒక ఆస్పత్రి కోసం. మూడు లైబ్రరీల హద్దులు సడలించి చూశాను. నిక్షేపంలా కంపైల్ అయింది. దాంతోపాటు వచ్చిన పరీక్షలన్నీ పాసయ్యాయి. టీం లీడరు 'ఇంకేం, పంపించెయ్యమ్మా' అన్నాడు. కళ్లతో చూడనిదే పంపే అలవాటు నాకు లేదు. నమూనా కాగితం ముద్రించాను. 'రోజూ 1½ మాత్ర' అని రావాల్సిన చోట 'రోజూ 11/2 మాత్ర' అని వచ్చింది.

యూనికోడ్‌లో ½ ఒకే అక్షరం. దాన్ని 1, గీత, 2గా విడగొట్టే నియమం కూడా అందులోనే ఉంది. వెతుకులాటకు అది బాగా పనికొస్తుంది. అక్షరాల లైబ్రరీ కొత్త వెర్షను ఆ నియమాన్ని ఎవరూ అడక్కుండానే అమలు చేస్తోంది. ముందున్న 1 వెళ్లి దాని పక్కన అతుక్కుంది. ఒకటిన్నర కాస్తా పదకొండు బై రెండు. అంటే అయిదున్నర మాత్రలు! ముసలివాళ్లు ఆ చీటీ చూసే మందు మింగుతారు.

ఆ లైబ్రరీకి పెట్టిన మ్యాక్రో లైను కొట్టేశాను. మిగతా రెండూ ఉంచాను. గడువు దాటిపోతోందని, ఒక్క అంకె కోసం ఇన్నాళ్లా అని లీడరు విసుక్కున్నాడు. కాగితం ఆయన బల్ల మీద పెట్టి నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత గడువు మాట ఎత్తలేదు.

ప్రోగ్రాం రాసినాయనకు సంగతంతా వివరంగా రాశాను, నమూనా కాగితం కూడా జతచేసి. మూడు వారాలకు జవాబొచ్చింది. భిన్నాలను ముట్టుకోకుండా వదిలేసేలా ప్రోగ్రాం సరిచేశాడు. చీటీలో 3.0 లోపు అని తనే రాశాడు. మళ్లీ ముద్రించి చూశాను. ఒకటిన్నర ఒకటిన్నరలాగే ఉంది. అప్పుడు కట్టాను పొట్లం.