నల్లరేగడిలో నడుం నొప్పి లెక్క

నంద్యాలలో ఎర్రగుంట్ల వైపు వెళ్లే రైలెక్కితే బనగానపల్లె, కోవెలకుంట్ల దాటాక వస్తుంది సంజామల. 123 కిలోమీటర్ల ఈ రైలుమార్గం 1996-97లో మంజూరైతే, ప్రయాణికుల రైలు కూత వినపడింది 2016 ఆగస్టులో! ఇరవై ఏళ్లు ఎదురుచూసినవాళ్లకి బండి అరగంట ఆలస్యమైతే ఓ లెక్కా?

నిజానికి సంజామలకి ఎవరూ పనిగట్టుకుని చూడ్డానికి రారు. గుహలంటే పక్కనే బెలుం ఉంది. గుళ్లంటే యాగంటి, మహానంది, అహోబిలం ఉండనే ఉన్నాయి. ఇక్కడ దిగితే కనిపించేది నల్లరేగడి, దానిమీద కనుచూపుమేర శనగచేలు. అంతే. కానీ, నగరాల్లో మనం ఒత్తిడికి ఒక డాక్టరునీ, ఖర్చులు రాసుకోడానికి ఒక యాప్‌నీ, నడుం నొప్పికి ఒక బెల్టునీ విడివిడిగా కొనుక్కుంటుంటాం కదా... ఆ మూడూ ఒకే మొక్క చుట్టూ ఎలా తిరుగుతాయో తెలియాలంటే మాత్రం ఈ ఊరికి రావాల్సిందే.

అక్టోబరు, నవంబరుల్లో వేస్తారు శనగ. ఆ తర్వాత చాలా చేలకి నీరంటూ పెట్టేదేమీ ఉండదు. నేల దాచుకున్న తేమతోనూ, కురిసే మంచుతోనూ పండాల్సిందే. విత్తనాలు, ఎరువు, పచ్చపురుగుకి మందు... అంతా ముందే పెట్టాలి. కౌలుభూమైతే కౌలు కూడా చాలాసార్లు ముందే చెల్లించాలి. డబ్బు మాత్రం పంట అమ్మాకే కనపడుతుంది. అంటే ఏడాదికోసారి జీతం వచ్చే ఉద్యోగమన్నమాట! ఆ జీతమెంతో కూడా చేరేదాకా తెలియదు. కేంద్రం 2026-27 రబీ మార్కెటింగ్‌కి క్వింటాలు శనగలకు ప్రకటించిన మద్దతు ధర 5,875 రూపాయలు. చేతికొచ్చేది అదే అవుతుందన్న హామీ ఏదీ? ధర లేదని గిడ్డంగిలో పెడితే అద్దె, దానిమీద అప్పు తెస్తే వడ్డీ. 2013 తర్వాత ధర పడిపోయి, సరుకు కదలక, కర్నూలు, ప్రకాశం జిల్లాల రైతులు ఏళ్ల తరబడి శీతల గిడ్డంగుల వైపు చూస్తూ కూర్చున్న సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు.

రైతు సంగతి అలా ఉంచండి. ఆ శనగ పీకేవాళ్ల నడుం సంగతి చూద్దాం.

ఎండిన శనగకాయ ఎండకి పగులుతుంది. అందుకే తెల్లవారకముందే, మంచు ఆరకముందే చేలో దిగాలి. మొక్క చూస్తే జానెడు, మూరెడు. వంగితే గానీ అందదు. అలా వంగి, పీకి, ఓదెలు వేస్తూ పోవాలి. దానికితోడు శనగాకు మీద సన్నటి నూగు ఉంటుంది. దాన్నుంచి ఊరేది మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాల పులుపు. చేతులు మంటలెత్తిపోతాయి. అందుకే పాత సాక్సులో, గుడ్డపీలికలో చేతులకు చుట్టుకుంటారు. ఎకరాల లెక్కన గుత్తకు తీసుకుంటే నడుమెత్తే తీరికే ఉండదు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే.

ఈ వంగుడికి విరుగుడు కనిపెట్టింది నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం. 1906లో మొదలైన పాత సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్తలు ఎన్‌బీఈజీ-47 అనే శనగ రకాన్ని తీసుకొచ్చారు. మొక్క నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, కాయలు నేలకి పైన కాస్తాయి. కాబట్టి కోతమిషను నేరుగా కోసి, నూర్చి, గింజ పోసేస్తుంది. రోజుల తరబడి పట్టే పని గంటల్లోకి వచ్చింది. రైతుకి కూలి ఖర్చు తగ్గింది, అకాలవాన భయమూ కొంత తగ్గింది. మంచిదే.

కానీ కూలికెళ్లే అక్క వైపు నుంచి చూడండి. నడుం నొప్పి పోయింది, ఆ నొప్పితో పాటు వచ్చే కూలీ పోయింది! మిషను వద్దని నేననను. ముప్పై ఏళ్లు వంగి బతికిన నడుముకి అంతకంటే న్యాయం ఏముంటుంది? అయితే ఆ కూలిడబ్బుల్లోంచే కదా పొదుపు సంఘంలో కంతు కట్టేది, పిల్లాడి ఫీజు సర్దేది! వాటికి బదులేమిటో ఏ మిషనూ చెప్పదు.

ఇక నొప్పుల వైద్యానికొస్తే, ముందు కాపడం. వేడిచేసిన ఇసుకో ఉప్పో మూటగట్టి పెడతారు. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకుంటారు. ఆ తర్వాత అమృతాంజనం సీసా. దాన్ని 1893లో బొంబాయిలో తయారుచేసింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే. వీటితో పెద్ద ఖర్చూ లేదు, జాగ్రత్తగా వాడితే పెద్ద ప్రమాదమూ లేదు. మన పల్లెల్లో భయపడాల్సింది నాలుగోదానికి... చిల్లరకొట్లో దొరికే నొప్పి బిళ్ల, పూట గడవడానికి వేయించుకునే సూది. రోజూ మింగితే ఆ బిళ్లలు కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పది రూపాయల్లో పోయిందనుకున్న నొప్పి తర్వాత ఆస్పత్రి బిల్లుగా తిరిగొస్తుంది. మామూలు నడుం నొప్పికి మంచమెక్కి పడుకోవడం కూడా మందు కాదు. ఓపిక ఉన్నంతలో నాలుగడుగులు వేస్తుండాలని నేటి వైద్యులూ అంటున్నారు. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా మాత్రం కాపడాలు మానేసి పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సిందే.

మరి మనసులోని బరువుకో? అందుకు అరుగు ఉంది. పక్క కొలిమిగుండ్ల మండలంలో తీసే నాపరాయి ఈ చుట్టుపక్కల ఇళ్లకు నేల, అరుగు, కొన్నిచోట్ల గోడ కూడా. పొద్దు వాలాక ఆ బండ చల్లబడుతుంది. అప్పుడు దానిమీద కూర్చుని శనగల ధర, పక్కింటి పెళ్లి, చేసిన అప్పు అన్నీ ఒకే గొంతుతో చెప్పుకుంటారు. అప్పు గురించి నలుగురిలో మాట్లాడటం నామోషీ అనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది. నాకైతే అసూయగా కూడా ఉంది.

రాబడి ఆగితే మనిషి ఎంతదాకా వెళ్తాడో ఈ మండలానికి బాగా తెలుసు. సంజామల పక్క ఊరు నొస్సం. ఆ నొస్సం పాలెగాడి మనవడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయనకు కంపెనీవారిచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దాన్ని ఇవ్వకుండా కోవెలకుంట్ల ఖజానా దగ్గర అవమానించడం ఆయన కోపానికి ఒక కారణమని చెబుతారు. 1846 జులైలో ఆ ఖజానా మీదే పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. అణా పైసలతో సహా ఆ లెక్కని సీమ ఇప్పటికీ గుర్తుపెట్టుకుంది!

సంజామల వైపు వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచి అదను. లేత శనగాకు దొరికితే కొంచెం ఇంటికి తెచ్చుకోండి. చేతుల్ని మండించే ఆ పులుపే పప్పులో పడితే చింతపండు తగ్గించుకోవచ్చు. వేడి జొన్నరొట్టెతో తిని చూడండి. పచ్చి శనగకాయల కట్ట కూడా ఒకటి కొనండి. తిరుగు రైల్లో ఒలుచుకుంటూ కూర్చుంటే కోవెలకుంట్ల వచ్చేసరికి ఒళ్లో తొక్కలు తప్ప గింజలుండవు.