వార్షికోత్సవమూ, వడదెబ్బా

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల సామెత. ఈ ఏడు రోహిణి రాకకు నెలన్నర ముందే, ఏప్రిల్ మాసంలో, మన కళాశాల ప్రాంగణంలో ఎండ తన ప్రతాపం చూపింది. ఆనాడే మన వార్షికోత్సవం.

సభానిర్వహణ భారం మాపై ఉన్నది. పరీక్షలలో ప్రథమశ్రేణి సాధించిన విద్యార్థినీ విద్యార్థులకు, ఉర్దూ, తెలుగు వక్తృత్వ పోటీల విజేతలకు, ఆటలలో పతకాలు తెచ్చిన యువకులకు బహుమతులు. పాతికేళ్ళ సేవ పూర్తిచేసిన అధ్యాపక మిత్రులకు శాలువలు. పేర్ల జాబితాను ముమ్మారు సరిచూసి, ఒక్క పేరూ తప్పిపోలేదని సంతోషించాము.

పది గంటలకు ఆరంభం కావలసిన సభ పదకొండున్నరకు గాని ఆరంభం కాలేదు. అతిథుల రాకలో ఆలస్యానికి మా స్వాగతోపన్యాసపు నిడివి తోడయింది. ఒంటిగంట వేళ, నీళ్ళ కుండల వద్ద మన అటెండరు కుప్పకూలిపోయాడని ఒక విద్యార్థి పరుగున వచ్చి చెప్పాడు. పిల్లలందరూ 'చాచా' అని పిలుచుకొనే ఆయన వేకువనే వచ్చి కుర్చీలు మోసి, సభకంతటికీ నీరందించాడు. తాను మాత్రం గుక్కెడైనా త్రాగలేదని తరువాత తెలిసింది.

ఆయన ఒళ్ళు నిప్పుకణికవలె కాలుతున్నది. మాటలో పొంతన లేదు. మేము తొందరపడి గ్లాసుతో నీళ్ళు నోట పోయబోయాము. ద్వితీయ సంవత్సరపు సైన్సు విద్యార్థిని ఒకతె అడ్డుకొని, "వద్దు సార్, తెలివి సరిగా లేనివారికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. ముందు ఒళ్ళు చల్లబరచాలి" అన్నది. వరండా నీడకు చేర్చి చొక్కా విప్పాము. అప్పుడే సన్మానం పొందిన అధ్యాపక మిత్రుడు తన శాలువను బాల్చీలో ముంచి ఆయనపై కప్పాడు. పిల్లలు ప్రశంసాపత్రాల అట్టలతో విసిరారు. 108 వాహనం వచ్చేవరకు ఒళ్ళు తడుపుతూనే ఉన్నాము. ఆ చల్లదనమే ప్రాణం నిలిపిందని ఆసుపత్రి వైద్యుడు చెప్పినప్పుడు మా విద్య ఎంత కొంచెమో మాకు బోధపడింది.

కనుక తెలుసుకొన్న నాలుగు మాటలు విద్యార్థుల ముందుంచుతున్నాము. మన దేహోష్ణం సుమారు 37 డిగ్రీలు. అది 40 డిగ్రీలు దాటి, మతి తప్పితే వడదెబ్బ. చెమట ఆగిపోవచ్చు, కాయకష్టం చేసేవారికి చెమట పోస్తుండగానే తగలవచ్చు. జ్వరపు మాత్రలు దీనికి పనికిరావు. 2015 మే మాసంలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా ఈ ఎండలకే బలైనారు.

దాహం వేసేదాకా ఆగక నీరు త్రాగండి. మూత్రం ముదురు పసుపైతే నీరు చాలలేదని గ్రహించండి. పలుచని మజ్జిగ, రాగి అంబలి మన ఇళ్ళలోని ఔషధాలే. చెమటతో, విరేచనాలతో నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలిపి ఇవ్వండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి చక్కెర, లవణాల ద్రావణంతోనే ఎందరో కలరా రోగులను బ్రతికించాడు. మధుమేహం, రక్తపోటు గలవారు మాత్రం వైద్యుని సలహా పొందాలి. పన్నెండు మొదలు మూడు గంటల వరకు ఎండలో తిరగకండి. తప్పనిసరైతే తలకు గుడ్డ చుట్టుకొనండి.

చాచా పదిరోజులకు తిరిగి విధులలో చేరాడు. వచ్చీరాగానే కుండలు కడగబోతే విద్యార్థులు ఆయన చేతినుండి లాగుకొన్నారు. నాటినుండి వంతులవారీగా వారే నీళ్ళు నింపుతున్నారు. ఈ సంవత్సరం మేము చూసిన పతకాలన్నిటికంటె ఇది మిన్న.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఇకమీదట వార్షికోత్సవాన్ని ఫిబ్రవరిలో, ఉదయపు చల్లని వేళ జరపండి. సన్మానితుల జాబితాలో కుర్చీలు మోసినవారి పేర్లు, నీళ్ళు పోసినవారి పేర్లు చేర్చండి. స్వాగతోపన్యాసం అయిదు నిమిషాలకు మించకుండా చూచే బాధ్యత మేము వహిస్తాము.