సాంచా నేయలేని మూరెడు దారం

మా సోలాపూర్ పేరు చెప్పగానే ఎవరికైనా చాదర్లు, టవళ్లు గుర్తొస్తాయి. సోలాపురి చాదర్‌కు జీఐ గుర్తింపు కూడా ఉంది. దాని మీద ఉండే నెమలిపింఛం డిజైన్ మీరందరూ చూసే ఉంటారు. కానీ నేసిన తర్వాత మిగిలిపోయే దారం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను దాని గురించే రాస్తున్నాను. ఎందుకంటే ఏడాదిన్నరగా ఆ దారంతోనే మా ఇంట్లో గోడకు వేలాడదీసే అలంకరణలు, అంటే వాల్ హ్యాంగింగులు చేస్తున్నాను.

మేము పద్మశాలీలం. మా తాతవాళ్లు సిరిసిల్ల దిక్కు నుంచి పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. మా గల్లీలో సగం ఇండ్లు అట్లా వచ్చినవే. ఇంట్లో తెలుగు, గల్లీ దాటితే మరాఠీ. మా బాపు ఒక కార్ఖానాలో టవళ్ల సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే పవర్‌లూమే, మా ఇండ్లల్లో అట్లనే అంటారు. అమ్మ బీడీలు చుడుతుంది. బాపమ్మకు ఇప్పుడు కండ్లు సరిగ్గా కనిపించవు, కానీ చేతితో తాకి దారం మంచిదో కాదో చెప్పేస్తుంది.

దారం ఎందుకు మిగులుతుందో మొదట చెప్తాను. సాంచాకు వెనక బీము ఉంటుంది, దానికి పడుగు దారాలు చుట్టి ఉంటాయి. అవి ముందుకు వచ్చి, అచ్చులో నుంచి దూరి, పేకతో కలిసి గుడ్డ అవుతాయి. బీము అయిపోయే సమయానికి అచ్చుకూ బీముకూ మధ్య కొంత దారం ఉండిపోతుంది. దాన్ని నేయడం సాంచాతో కాదు. అదే రకం గుడ్డ మళ్లీ నేయాలంటే కొత్త బీము దారాలను ఆ కొసలకే అతుకుతారు. రకం మారితే మాత్రం కోసి పక్కన పడేస్తారు. అట్లా కోసిన కట్టలను కిలోల లెక్కన అమ్ముతారు. గ్యారేజీలవాళ్లు మిషన్ల మీది నూనె తుడవడానికి కొంటారు. బాపు అప్పుడప్పుడు సేటును అడిగి ఒక సంచి ఇంటికి తెచ్చేవాడు. అమ్మ వాటితో సామాన్లు కట్టేది, గిన్నెలు తోమేది. నాకు మాత్రం ఆ దారాలన్నీ ఒకే పొడవులో ఉండడం నచ్చింది. హ్యాంగింగుకు కుచ్చులు వేయడానికి ఎవరో కొలిచి కోసి ఇచ్చినట్టే ఉండేవి.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. గట్టి అట్టముక్క తీసుకుని పైనా కిందా సెంటీమీటరుకొక గంటు పెట్టాలి. ఆ గంట్లలో దారం పైకీ కిందికీ చుడితే అదే పడుగు. దబ్బనంలో ఇంకో దారం ఎక్కించి, పడుగులో ఒకదాని పై నుంచి, ఇంకోదాని కింది నుంచి పోనిస్తే అది పేక. ఒక్కో వరుస అయ్యాక దువ్వెనతో కిందికి నొక్కాలి. సాంచాలో ఆ పని అచ్చు చేస్తుంది. పేకను గట్టిగా లాగితే హ్యాంగింగు నడుము సన్నబడిపోతుంది. అందుకే దాన్ని చిన్న కొండలాగా వంపుగా పెట్టి, అప్పుడు నొక్కాలి. బాపమ్మ అంటుంది, "దారాన్ని గుంజకే బిడ్డా, దానికి ఊపిరి ఆడనియ్యి" అని.

టవల్ మీద ఉండే బొచ్చులాంటిది కావాలంటే, పేకను పెన్సిల్‌కు చుట్టుకుంటూ పోయి, వరుస నొక్కాక పెన్సిల్ తీసేయాలి. నిజమైన టవల్ సాంచాకు రెండు బీములు ఉంటాయని బాపు చెప్పాడు. ఒకదాని పడుగు బిగువుగా, రెండోదాని పడుగు వదులుగా ఉంటుంది. ఆ వదులు దారమే లేచి బొచ్చు అవుతుంది. చివరికి నేసినదాన్ని అట్ట నుంచి తీసి వేపకొమ్మకు కట్టి, కింద కుచ్చులు వేస్తాను. కుచ్చు దారాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో నుంచి కొసలు లాగితే ముడి పడుతుంది. ముదురు ఎర్ర దారం వాడేముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు దిగితే పక్కన ఉన్న తెల్లదారం పాడవుతుంది.

దారం నంబరు లెక్క కూడా ఈ పనిలోనే నేర్చుకున్నాను. ఒక చిలప అంటే 840 గజాలు. ఒక పౌండు బరువులో ఎన్ని చిలపలు వస్తే దారానిది అన్నో నంబరు. అంటే 20 నంబరు దారం పౌండుకు 16,800 గజాలు వస్తుంది. నంబరు పెరిగితే దారం సన్నం అవుతుంది. 2/20 అని రాసి ఉంటే రెండు 20 నంబరు దారాలు కలిపి పేనారని అర్థం. అట్టమీద పడుగుకు అది ఒక్కటే ఆగదు, నాలుగు కలిపి పేనుకోవాలి. గణితం సార్ క్లాసులో విలోమానుపాతం చెప్పినప్పుడు నాకు వెంటనే మా మంచం కింది సంచి గుర్తొచ్చింది.

పోయిన సంవత్సరం దీపావళి తర్వాత ఆ కార్ఖానా మూతపడింది. కరెంటు బిల్లు, నూలు ధర భరించలేమని చెప్పి సాంచాలన్నీ పాత ఇనుము కింద అమ్మేశారు. బాపు ఇరవై రెండేండ్లు నడిపిన సాంచాలు ట్రక్కు ఎక్కాయి. ఇప్పుడు బాపు ఒక అపార్టుమెంటులో రాత్రిపూట వాచ్‌మన్. ఆ తర్వాత కొన్ని నెలలు ఇంట్లో దారం కనబడితే బాపుకు పడేది కాదు. నేను అట్ట ముందర పెట్టుకుంటే లేచి బయటికి పోయేవాడు. ఒకరోజు అమ్మతో గట్టిగానే అన్నాడు: "దారం పని నాతోనే ఆగాలె. అది చదువుకోవాలె." నేను బాపు నిద్రపోయే పగటిపూట బడిలో ఉంటాను, బాపు డ్యూటీకి పోయాక రాత్రి నేస్తాను. అట్లా మా ఇద్దరికీ ఆ విషయంలో మాటలే లేకుండా గడిచింది.

అమ్మ ఆలోచన వేరు. నా హ్యాంగింగు ఒకటి పక్కింటి అత్త 250 రూపాయలకు కొన్నది. అందులో ఊలు దారానికి పెట్టిన ఖర్చు 30 రూపాయలు. మూడు సాయంత్రాలు కలిపి ఏడు గంటలు పట్టింది. అమ్మ వేళ్ల మీద లెక్కేసింది. గంటకు 31 రూపాయలు పైన. "నా బీడీలకన్న ఎక్కువనే పడుతుంది," అన్నది. నాకు సంతోషమైంది. కాసేపు ఆగి మళ్లీ అన్నది: "కానీ బీడీలు రోజూ కొంటరు బిడ్డా. ఇది రోజూ కొనరు." ఆ మాట నిజమే. ఒక దుకాణంలో అడిగితే, బయటి నుంచి ఇంతకంటే అగ్గువకు వస్తాయని, 120 రూపాయలైతే తీసుకుంటానని చెప్పారు. అమ్మ ఆకు కత్తిరించుకుంటూ వింటుంది. ఆమె చేతులు ఆగవు. ఆ చేతులకు పొగాకు కాకుండా దారం ఇవ్వాలని నాకుంది. కానీ పదిమంది కొంటే తీరే లెక్క కాదది, రోజూ కొనేవాళ్లు ఉండాలి.

ఈ వేసవిలో ఒక ఆదివారం పొద్దున డ్యూటీ నుంచి వచ్చిన బాపు పడుకోకుండా నా దగ్గర నిలబడ్డాడు. నేను తెగిన పడుగు దారానికి కొత్త కొస కడుతున్నాను. ఏమీ అనకుండా కూర్చుని, నా చేతిలోంచి రెండు కొసలు తీసుకుని ముడి వేశాడు. నేను చూసేలోపే అయిపోయింది. మళ్లీ వేయమంటే మెల్లగా వేసి చూపించాడు. ఒక కొసను ఇంకోదాని మీద అడ్డం పెట్టి, బొటనవేలి గోరు చుట్టూ తిప్పి, లోపలికి దోపి లాగాడు. గింజంత ముడి. "పెద్ద ముడి అచ్చుల ఇరుకుతది, దారం తెగుతది. ముడి ఉన్నట్టే కనబడొద్దు," అన్నాడు. తర్వాత హ్యాంగింగును ఎత్తి వెనకవైపు తిప్పి చూశాడు. నేతపని ఎట్లా ఉందో వెనక చూస్తేనే తెలుస్తుందట. బాగుందని కానీ బాగాలేదని కానీ చెప్పలేదు. నేను పదో తరగతి తర్వాత టెక్స్‌టైల్ డిప్లొమా చదువుతానని అన్నాను. "పరీక్షలు కానియ్యి, అప్పుడు మాట్లాడుదాం," అని పోయి పడుకున్నాడు. ఇంతకుముందు అయితే వద్దనే అనేవాడు.

ఆ కార్ఖానా నుంచి వచ్చిన చివరి సంచిలో ఇంకా దారం ఉంది. కిరాణా దుకాణంలో తూకం వేయిస్తే రెండు కిలోలకు కొంచెం తక్కువ వచ్చింది. నాకు ఒక్కో హ్యాంగింగుకు నూటయాభై గ్రాములు పడుతుంది, అంటే పన్నెండో పదమూడో అవుతాయి. అవి అయ్యాక వేరే కార్ఖానాలో కిలో లెక్కన కొనాలి. ఒకటి మాత్రం అమ్మను. దాని పడుగుకు కట్టిన ముడులు బాపువి.

బాపమ్మ దగ్గర నుంచి నేను ఇంకొకటి కూడా తీసుకుంటున్నాను. కార్ఖానాలో అందరూ తానా-బానా అంటారు. పడుగు, పేక, కండె, నాడె, ఆసు, గుంత మగ్గం అనే మాటలు బాపమ్మ నోట్లోనే ఉన్నాయి. వాళ్ల ఊర్లో పొద్దున్నే వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్లని చెప్తూ, చేతులు గాలిలో ఆడిస్తుంది. ఆమె చెప్పిన మాటలు నా తెలుగు నోటుబుక్కు చివరి పేజీల్లో రాసుకుంటున్నాను. ఇప్పటికి 31 అయ్యాయి. మన బడిలో చాలామంది ఇండ్లలో ఇట్లాంటి అవ్వలు, తాతలు ఉన్నారు. అడిగి తెలుసుకోండి. నా దగ్గర లేని మాట దొరికితే నాకు ఇవ్వండి. హ్యాంగింగు నేర్చుకోవాలంటే మధ్యాహ్నం అన్నం తిన్నాక రండి, అట్టముక్క, దువ్వెన మీరు తెచ్చుకోండి. దారం నేను ఇస్తాను.