జోల్వా తేనీరు, బోర్డో ద్రాక్షాసవం

సూరత్ నుండి బార్డోలీకి పోవు దారిలో, పల్సాణా తాలూకాలో జోల్వా అనే ఊరున్నది. ఆ చుట్టుపట్ల ఒక వంక చెరకు తోటలు, మరొక వంక బట్టల మిల్లులు. 1928లో వల్లభభాయి పటేల్ నాయకత్వాన రైతులు పన్నుల నిరాకరణ సాగించిన బార్డోలీ ఇక్కడికి దగ్గరే. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలీలు సూరత్ మరమగ్గాల మీద తరాలుగా బ్రతుకుతున్నారు గనుక ఈ ప్రాంతంలో తెలుగు మాట చెవిని పడడం వింత కాదు. ఫ్రెంచి ఎర్ర వైనును గురించి చెప్పడానికి ఈ చోటును ఎంచుకోవడమే వింత. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి గుజరాత్‌లో మద్యనిషేధం ఉన్నది. పర్మిట్ లేనిదే సీసా ముట్టరాదు.

అయినను చుట్టరికం పాతదే. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మన దేశంలో తొలి వర్తకశాల తెరచినది 1668లో, సూరత్‌లోనే. మరుసటి ఏడు మన మచిలీపట్నం వంతు వచ్చింది.

ఎర్ర వైను రుచికి ప్రాణం వగరు. ద్రాక్ష తొక్కలోను, గింజలోను ఉండే టానిన్ అనే పదార్థం దానికి మూలం. తెల్ల వైనుకు సాధారణంగా రసం పిండి తొక్క తీసివేస్తారు. ఎర్ర వైనుకు తొక్కతోనే పులియబెడతారు. నిలువ ఉంచే ఓక్ పీపా మరికొంత వగరు చేరుస్తుంది. ఉగాది పచ్చడిలో మామిడి పిందెను, వానకారులో నేరేడు పండును ఎరిగిన తెలుగు నాలుకకు ఇది కొత్త పాఠమేమీ కాదు. టానిన్ లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుంటుంది. నోరు బిగదీసినట్లవడం అందువల్లనే.

ఈ సంగతి జోల్వా వంటి ఊళ్ల టీ దుకాణం ముందు నిలబడియే పరీక్షించవచ్చును. డికాక్షన్ ఒక గుక్క త్రాగండి. తరువాత అందులోనే పాలు పోయించుకొని త్రాగండి. వగరు సగం చచ్చిపోతుంది, ఏలననగా పాలలోని మాంసకృత్తులు టానిన్‌ను ముందే పట్టివేస్తాయి. బోర్డో వైనును కొవ్వు గల మాంసంతోను, ముదిరిన జున్నుతోను వడ్డించడంలోని కిటుకు ఇంతే. చేపతో ఎర్ర వైను పొసగదు. వైనులోని ఇనుము వల్ల నోట లోహపు వాసన పుడుతుంది. మన చేపల పులుసుకైతే ఆ ప్రయత్నమే వద్దు. కారం కూడ శత్రువే: వగరు, ఆల్కహాలు రెండూ మిరప మంటను ఎగదోస్తాయి.

రుచి చూసే పద్ధతిలో ఆర్భాటం కంటె ఓర్పు హెచ్చు. గాజు పాత్రలో మూడవ వంతు మాత్రమే పోసి, తెల్లని గుడ్డ మీదుగా వంచి రంగు చూస్తారు. లేతదైతే ఊదా, వయస్సు మళ్లితే ఇటుక రంగు. మెల్లగా త్రిప్పి వాసన పట్టి, చిన్న గుక్క నోట నిలిపి, కొంచెం గాలి పీల్చుకుంటారు. వృత్తిగా రుచి చూచేవారు దానిని మ్రింగరు, ఉమ్మివేస్తారు. గది వేడిమిలో ఇవ్వాలన్న మాట చల్లని ఐరోపా ఇళ్లకు చెందినది, సుమారు 16 నుండి 18 డిగ్రీలు. సూరత్ వేసవిలో ఆ నియమం పాటిస్తే మిగిలేది ఆల్కహాలు ఘాటే.

ఈ ఓర్పు అందరికీ దక్కేది కాదు. పర్యాటకునికి పర్మిట్ దొరుకుతుంది. గాంధీనగర్ దగ్గర గిఫ్ట్ సిటీలో 2023లో ఆంక్షలు కొంత సడలించారు. కూలివానికి దొరికేది దొంగసారా. 2022 జూలైలో బోటాద్, అహ్మదాబాద్ జిల్లాలలో మిథనాల్ త్రాగి 40 మందికి పైగా మరణించారు. నిషేధం తప్పని నేననను. కాని దాని బరువు ఎవరి మీద పడుతున్నదో చూడక తప్పదు. ఫ్రాన్స్‌లోనూ వైను ఒకనాడు కూలివాని దినసరి భోజనంలో భాగమే. 14 ఏండ్లలోపు పిల్లలకు బడి భోజనంలో మద్యం ఇవ్వరాదని 1956లో ఆజ్ఞ జారీ చేయవలసి వచ్చింది. 1960 ప్రాంతంలో తలసరి ఏటికి 100 లీటర్లకు మించిన వాడకం నేడు సగానికంటె తక్కువ.

ఇక సూరత్ భోజనం మాటకు వస్తే, శీతకాలపు ఊంధియు నూనె విరివిగా పట్టే కూర: చిక్కుడు, ఊదా పెండలం, మెంతి ఉండలు, పచ్చి వెల్లుల్లి. పర్మిట్ గలవారు దానికి బరువైన బోర్డో కాక, వగరు తక్కువగా ఉండే బోజొలే వైనును కొంచెం చల్లబరచి తీసుకోవడం మేలు. పర్మిట్ లేనివారికి అదే ఋతువులో తెల్లవారుజామున నీరా దొరుకుతుంది. ఎండ ఎక్కితే పులిసిపోతుంది గనుక పెందలకడనే లేవాలి. దానికి తోడు పోంక్, అంటే నిప్పుల మీద కాల్చి దులిపిన లేత జొన్న, మన ఊచబియ్యమే. నిమ్మకాయ, సేవ్ కలిపి ఇస్తారు, ప్రక్కన మజ్జిగ.