సీజనుకి పోయేవాళ్ళు

విశాఖపట్నంలో పెళ్లిచూపులకి వెళ్తే, చదువూ గోత్రమూ అన్నీ అయ్యాక పిల్ల తరఫు పెదనాన్నగారు గొంతు సవరించుకుని అడిగే ప్రశ్న ఒకటుంటుంది. "పర్మినెంటేనాండీ?" పోర్టు కానివ్వండి, షిప్‌యార్డు కానివ్వండి, స్టీల్‌ప్లాంటు కానివ్వండి, ఆ ఒక్కదానికి "అవునండీ" అని జవాబొచ్చిందా, అబ్బాయి బట్టతల కూడా ఒత్తైన క్రాఫులాగే కనిపిస్తుంది.

ఈ ఊరికి ఆ మాట మీద మోజు ఊరికే రాలేదు. ఉక్కు కర్మాగారం కావాలని 1966లో జరిగిన ఆందోళనలో రాష్ట్రమంతటా కలిపి 32 మంది చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. భూములు పోయిన ఊళ్ళవాళ్ళకి పునరావాసం కింద ఆర్‌ కార్డులిచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం చూసీ చూసీ, చేరకుండానే రిటైరయ్యే వయసుకొచ్చినవాళ్ళు ఈ చుట్టుపక్కల బోలెడుమంది. లోపల ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. వాటిలో ఏదో ఒకటి రిపేరుకి ఆగినప్పుడు మాత్రం కాంట్రాక్టరు మనుషుల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. షట్‌డౌన్ అయిపోగానే అదే ఫోను మూగబోతుంది. ఈ ఊళ్లో ఉద్యోగాలు పర్మినెంటు, పనులు మాత్రం సీజను.

సీజను పని అనగానే మా తరానికి ముందు గుర్తొచ్చేది, సిగ్గుపడకుండా చెప్పాలంటే, కౌబాయ్. 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చాక మన వీధుల్లో టోపీలు, తోలుబెల్టులు వెలిశాయి. ఆ సినిమాలో ఎవరైనా ఒక్క ఆవుని మేపినట్టు నాకు గుర్తులేదు. అసలు కౌబాయ్ అమెరికాలో రాంచ్ అనే పశువుల క్షేత్రంలో జీతగాడు. వసంతంలో, చలికాలం ముందు పశువుల్ని పోగుచేసే రోజుల్లో పిలిచి పనిలో పెట్టుకునేవారు, మంచు పడగానే చాలామందిని పంపేసేవారు. చలికాలమంతా గుర్రమెక్కి ఒక రాంచ్ నుంచి ఇంకో రాంచ్ కి తిరుగుతూ, ఎవరు ఒక పూట భోజనం పెడితే అక్కడ ఆగేవాడు. 1883లో టెక్సాస్ కౌబాయ్‌లు జీతం పెంచమని సమ్మె కూడా కట్టారు, నెగ్గలేదు. తుపాకీ తిప్పడం చూపించిన సినిమాలు ఈ సమ్మెని ఎందుకు వదిలేశాయో ఊహించడం కష్టం కాదు.

మన వైపు పశువుల దగ్గర జీతానికుండే మనిషి కంబారి. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్ళనడిగితే ఇప్పటికీ చెబుతారు. కోడి కూయకముందే శాల తుడిచి పేడ ఎత్తాలి. కుడితి పెట్టాలి. ఎడ్లని తోలుకుని పొలం పోవాలి. పొద్దు గూకాక గడ్డి వేసి, ఆ పశువుల పక్కనే నడుం వాల్చాలి. జీతం గింజల్లో, కుదిరేది ఏడాదికి. కాగితం మీద ఏడాదే గాని, పెళ్లికో చావుకో తెచ్చిన అప్పు ఆ ఏడాదిని తండ్రి నుంచి కొడుక్కి సాగదీసేది. ఈ విశాఖపట్నంలోనే సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో పాఠాలు చెప్పుకున్న కాళీపట్నం రామారావు మాస్టారు 1964లో 'యజ్ఞం' కథ రాశారు. అప్పు కట్టి తీరాలన్న పంచాయితీ తీర్పు కింద నలిగిన సీతారాముడు, కొడుకు కంబారి కాకూడదని ఏం చేశాడో చదివినవాళ్ళకి తెలుసు, చదవనివాళ్ళకి ఇక్కడ చెప్పడం నాకు ఇష్టం లేదు.

కంబారి పనికి మించిన పర్మినెంటు ఎక్కడుంది చెప్పండి? తీసేసే భయం లేదు, రిటైర్మెంటు లేదు, వారసత్వపు ఉద్యోగం కూడాను. అందుకే ఆ పల్లెలవాళ్ళ చెవికి సీజను అన్న మాట వేరేగా వినిపించేది. సీజనుకి ముగింపు ఉంటుంది. ముగిశాక మనిషి తన ఇంటికి తాను రావచ్చు.

అలా విన్నవాళ్ళు ఎక్కడికి పోయేవారంటే రంగం. బర్మా మ్యాపులో రంగూన్, ఇప్పుడు యాంగోన్. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరోపాకి బియ్యం ఎగుమతి పెరిగి, ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. నేలుంది, నీరుంది, కోసే చేతులు చాల్లేదు. ఆ చేతులు గోదావరి నుంచి గంజాం దాకా ఉన్న తీరం నుంచి వెళ్ళాయి. వానాకాలం పంట పనులు ఇక్కడ ఓ కొలిక్కొచ్చాక ఓడెక్కడం, డిసెంబరు నుంచి అక్కడ కోతలు, కోతలయ్యాక రంగం రేవు పక్క బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడం, మళ్ళీ ఇక్కడ తొలకరి పడే వేళకి ఇంటికి. రెండు దేశాల వానల మధ్య ఎండకాలాన్ని పట్టుకుని బతికారన్నమాట. అందరూ తిరిగొచ్చారని కాదు. రెండు మూడేళ్ళు అక్కడే రేవులోనో రిక్షా మీదో ఉండిపోయినవాళ్ళూ చాలామందే.

పని వెతుక్కోవడం ఎలాగ? వెతుక్కోనక్కర్లేదు, పనే ఇంటికొచ్చేది, మేస్త్రీ రూపంలో. అతను పరాయివాడు కాదు, పక్క ఊరివాడో మేనత్త కొడుకో అయ్యుంటాడు. ఒకప్పుడు తనూ బస్తాలు మోసినవాడే. ఇప్పుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి అరుగు మీద కూచుని రంగం కబుర్లు చెబుతాడు. ఓడ టిక్కెట్టు అతనే కొంటాడు, ఇంట్లో ఖర్చులకి ఇంత చేతిలో పెడతాడు, షావుకారు బాకీ కూడా తీరుస్తానంటాడు. మనిషి ఓడెక్కకముందే మేస్త్రీకి బాకీ పడ్డాడు. ఆ మేస్త్రీ పైన ఇంకో మేస్త్రీ, అతని పైన కాంట్రాక్టరు, ఆ పైన మిల్లు. మిల్లు ఇచ్చిన కూలి పైనుంచి కిందికి దిగుతూ దిగుతూ ప్రతి మెట్టు మీదా కొంత ఒలికిపోయి కూలివాడి దోసిట్లో పడేది. 1933లో ఆండ్రూ అనే దొర రాసిన పుస్తకంలోనూ, 1941లో బాక్స్‌టర్ దొర ఇచ్చిన నివేదికలోనూ ఈ మేస్త్రీ పద్ధతి గురించి పేజీలకి పేజీలున్నాయి. అంతమంది దొరలకి తెలిసీ అది అలాగే నడిచింది, మిల్లుకి మనుషులు దొరుకుతున్నారు కదా మరి.

1933కి ముందు ఓడ ఎక్కడమే ఒక సాహసం. విశాఖపట్నానికి లోపలి రేవు లేదు. ఓడ సముద్రంలో దూరాన లంగరేసుకుని నిలబడితే, తాళ్ళతో కుట్టిన మసులా పడవల్లో అలలు దాటించి జనాన్ని తీసుకెళ్ళేవారు. మూటలు తడిసేవి, కడుపులో పేగులు కదిలేవి. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనంగా ప్రారంభించాడు. మాంగనీసు ఖనిజం కోసం కట్టిన రేవే గానీ, కూలీల మూటలు తడవకుండా ఉండాలని కాదు.

1920ల చివరికి ఏడాదికి మూడు లక్షలకి పైగా భారతీయులు బర్మాలో ఓడ దిగుతుండేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి మించి మనవాళ్ళే. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. ఆ పిలుపులో మర్యాద పాలు తక్కువ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ చోట బర్మా వాళ్ళని పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె తేలి, కూలి కొంచెం పెరిగి, మనవాళ్ళు తిరిగి పనిలోకి వెళ్ళేసరికి పొమ్మనిపించుకున్న బర్మా వాళ్ళకి కడుపు మండింది. కొట్లాటలో వందకి పైగా ప్రాణాలు పోయాయి. ఇద్దరినీ ఒకరి మీద ఒకరిని నిలబెట్టిన వాళ్ళ చొక్కా నలగలేదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన బయల్దేరారు, దార్లో పోయినవాళ్ళకి లెక్కలేదు. 1942 ఏప్రిల్ 6న ఆ బాంబులు విశాఖపట్నం దాకా వచ్చాయి. బర్మాలో మిగిలినవాళ్ళు 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం పొమ్మన్నంత పని చేశాక వచ్చారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఆటోవాళ్ళు పిలుస్తారు, ఎక్కేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరెందుకొచ్చిందో తెలుసో గాని.

ఇప్పుడు రంగం పోయి వేరావల్ వచ్చింది. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరంలో పెద్ద బోట్లు ఆగే హార్బరు లేక, అక్కడి కుర్రాళ్ళు బంగాళాఖాతాన్ని ఇంటి ముందు పెట్టుకుని అరేబియా సముద్రంలో వేటకి గుజరాత్ పోతారు. వానాకాలం నిషేధం ఎత్తేశాక వెళ్తే మళ్ళీ వేసవికే రావడం. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయింది. వాళ్ళలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇవతలికొచ్చారు. వాళ్ళ కథనే 2025లో 'తండేల్' సినిమాగా తీశారు. తండేల్ అంటే బోటు నాయకుడు. మనుషుల్ని కూడగట్టేదీ చాలాసార్లు అతనే, అడ్వాన్సులు చేరేసేదీ అతనే. మేస్త్రీకి తమ్ముడే అనుకోవచ్చు గాని ఒక్క తేడా ఉంది: తండేల్ కూడా అదే బోటెక్కుతాడు. పట్టుబడితే అతనూ జైలుకే. ఈ తేడా చిన్నదని నేననుకోను.

పోనీ మన విశాఖ హార్బరు మాటేమిటి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. ప్రభుత్వం ఇచ్చే భృతి 2019 నుంచి పదివేలుండేది, 2025లో ఇరవై వేలు చేశారు. ఆ రెండు నెలలూ జెట్టీ మీద బోట్లకి రంగులు, ఇంజన్లకి రిపేర్లు, వలలకి కుట్లు. పని వెతుక్కోవడం అసలు అప్పుడే జరుగుతుంది. దరఖాస్తులుండవు. టీ బడ్డీ దగ్గర మాటలుంటాయి. "ఏటి బావా, ఈ ఏడు ఏ బోటు?" అన్న ప్రశ్నతో మొదలై ఫలానా డ్రైవరు మారాడట, ఫలానా ఇంజను కొత్తదట అని సాగుతుంది. మంచి డ్రైవరు కోసం ఓనర్లు పోటీపడి అడ్వాన్సిస్తారు. డ్రైవరు తన కళాసీల్ని తాను తెచ్చుకుంటాడు. కొత్తవాడికి ఎవరో ఒకరు మావయ్యో బావో ఉండాలి. ఎవరూ లేనివాడు జెట్టీ మీద ఐసు మోస్తూ, ఎవరైనా ఒంట్లో బాగాలేక దిగిపోతే ఆ చోటు కోసం కాసుక్కూచుంటాడు.

బోటెక్కాక పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చెయ్యడానికే ఉంది. వల వెయ్యాలి, గంటల తరబడి ఈడవాలి, ఎత్తాలి, రొయ్యల్నీ చేపల్నీ వేరుచేసి ఐసు పరిచి దించాలి, అంతలో మళ్ళీ వల. పగలూ రాత్రీ తేడా లేదు, నిద్ర ముక్కలు ముక్కలుగా. ఒడ్డుకొచ్చాక వేలం, వేలమయ్యాక డీజిలు, ఐసు ఖర్చులు తీసి మిగిలినదాంట్లో వాటా. వేట పడకపోతే వాటా లేదు, అడ్వాన్సు మాత్రం లెక్కలో అలాగే ఉంటుంది. వచ్చే సీజనుకి అదే బోటెక్కాల్సిందే. కంబారి ఏడాది సాగినట్టే ఈ సీజనూ సాగుతుంది.

అందుచేత నాకు పెదనాన్నగారి ప్రశ్నే తప్పనిపిస్తుంది. పర్మినెంటా సీజనా అన్నది కాదు, పనిలో దిగిన రోజున ఎవరికి ఎవరు బాకీ అన్నది అడగాలి. నెలాఖరుకి జీతమిచ్చే కంపెనీ ముప్పై రోజులపాటు మనిషికి బాకీ ఉంటుంది. అడ్వాన్సు పుచ్చుకున్నవాడు మొదటి రోజే తిరగబడ్డ లెక్కతో మొదలెడతాడు. ఈ సంగతి ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళకంటే కళాసీలకి బాగా తెలుసు.

నిషేధం రోజుల్లో హార్బరులో ఒక పెద్దాయన వల బాగుచేస్తూ అల్లుడికి బోటు ఎంచుకోవడం నేర్పుతుంటే విన్నాను.

"ఓనరు మంచోడేనా మావా?" అన్నాడు కుర్రాడు.

"మంచోడైతే ఏటి, సెడ్డోడైతే ఏటి? ఆడితో కాపరం సేస్తావేట్రా? పోయినేడు ఆ బోటెక్కినోళ్ళు ఈ ఏడు మల్లీ ఎక్కుతున్నారో లేదో అడుగు. ఎక్కుతున్నారనుకో, నచ్చి ఎక్కుతున్నారో అప్పు తీరక ఎక్కుతున్నారో అదీ అడుగు."

"అదెవులు సెప్తారు మావా?"

"ఊరకే ఎవులూ సెప్పరు. ముందు టీ తాగించు."