తిప్పి పెట్టిన బండి

వరికుంటపాడులో మా ఇంటి సందు గోడ దగ్గర ఆగిపోతుంది. కారు నేరుగా లోపలికి పెడితే వెనక్కే బయటికి రావాలి. కుడి పక్క కంపకంచె, ఎడమ పక్క మురిక్కాలవ. మొత్తం కలిపి అరవై అడుగులుంటుందేమో. హైదరాబాద్ నుంచి రోజంతా బండి నడిపి వచ్చే నాకు ఆ అరవై అడుగులంటేనే భయం.

పోయిన సంక్రాంతికి మేం చేరేసరికి చీకటి పడింది. "ఇప్పుడే తిప్పి పెట్టుకో అబ్బయ్యా" అన్నాడు మామ. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు తోలుతున్న మనిషి. పొద్దున చూద్దాంలే మామా అన్నాను. రాత్రి రెండింటికి నాన్న ఛాతీ పట్టుకుని లేచి కూర్చున్నాడు.

వెనక సీట్లో నాన్నా, అమ్మా. రివర్స్ గేరు వేశాను. 2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకి వెనక సెన్సార్లు తప్పనిసరి. నా కారుకీ ఉన్నాయి. కంచె అంత దగ్గరగా ఉంటే అవి కూత ఆపవు. ఆపకుండా కూసే హెచ్చరికతో ఏం చేసుకోవాలి? కెమెరా నిండా దారి దుమ్ము. వెనక నిలబడి మామ "ఎడమకి, ఎడమకి" అంటున్నాడు. ముందుకి చూస్తే ఆయన ఎడమా నా ఎడమా ఒకటే. మెడ తిప్పి వెనక్కి చూశానా, నా ఎడమ కుడైపోతుంది. స్టీరింగ్ ఎడమకి తిప్పాను. డిక్కీ కాలవ వైపు జరిగింది, ముక్కు కుడికి ఊగి కంచెలో దూరింది. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. నాన్న ఏమీ మాట్లాడలేదు. పది నిమిషాలు పట్టింది.

ఉదయగిరిలో ఇసిజి తీసి, గుండెకేం కాలేదు, గ్యాస్ నొప్పి అన్నారు. నాకు మాత్రం ఆ పది నిమిషాలు ఇంకా పోలేదు.

ముందు చక్రాలు తిరిగే ఇరుసు పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అందుకే మలుపు దాటాక పట్టు వదిలితే స్టీరింగ్ తనంతట తనే సర్దుకుంటుంది. ముందుకి వెళ్తున్నంతసేపూ మన చిన్న చిన్న తప్పుల్ని బండే దిద్దుతుంటుంది, మనమేమో బాగా నడుపుతున్నాం అనుకుంటాం. వెనక్కి వెళ్ళేటప్పుడు ఆ సాయం తగ్గుతుంది, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. తప్పు తనంతట తనే పెరుగుతుంది. ట్రాలీ తగిలించిన ట్రాక్టరుకైతే ఇంకా కష్టం: ట్రాలీ ఎడమకి పోవాలంటే ముందు స్టీరింగ్ కుడికి తిప్పాలి.

1930లో క్రైటన్, హార్గిస్ అనే ఇద్దరు అమెరికన్లు ఫోర్డ్ కారుని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి, మళ్ళీ అక్కణ్ణుంచి న్యూయార్క్‌కి, మొత్తం రివర్స్‌లోనే నడిపారు. వాళ్ళ వెనక సీట్లో ఛాతీ పట్టుకున్న నాన్న లేడు.

తెల్లారి ఇంటికొచ్చాక పడుకోబుద్ధి కాలేదు. సందు మొదట్లో బండి తిప్పి, వెనక్కి పెట్టడం మొదలుపెట్టాను. మామ పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఎడమా కుడీ అనలేదు.

"అద్దంలో నేను కనపడినంతసేపే రా. కనపడకపోతే ఆగు" అన్నాడు.

రెండుసార్లు ఆగాను. ఎవరికీ తొందర లేదు. గోడకి డిక్కీ, రోడ్డుకి ముక్కు. లోపల నాన్న గురక పెడుతున్నాడు.