కోహినూరును చూచి వచ్చాము

మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి లండన్ వెళ్ళినప్పుడు, ఒక శనివారం అందరం కలిసి టవర్ ఆఫ్ లండన్ చూడబోయాము. టవర్ హిల్ స్టేషనులో రైలు దిగి పైకి వస్తే, థేమ్స్ నది ఒడ్డున పాత రాతి కోట కనబడుతుంది. నా ఆత్రమంతా కోట కోసం కాదు, అందులో భద్రపరచిన కోహినూరు వజ్రం కోసం. మాది పల్నాడు. ఆ వజ్రం మా కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చిన్నప్పటి నుండి వింటూ పెరిగాను.

కిరీటాలున్న గదిలో జనం ఒకేచోట నిలబడిపోకుండా నేలే మెల్లగా కదులుతుంది. దాని మీద నిలబడితే అద్దాల పెట్టెల ముందునుండి అదే తీసుకుపోతుంది. 1937లో ఎలిజబెత్ రాణి కోసం, అంటే ఈనాటి రాజుగారి అమ్మమ్మ కోసం చేసిన కిరీటం ముందుభాగాన కోహినూరు పొదిగి ఉంది. చూచినంతసేపూ దానిలో వెలుగు కదులుతూనే ఉంది.

"తాతయ్యా, ఇంతేనా? కోడిగుడ్డంత ఉంటుందన్నావుగా!" అన్నాడు మా మనవడు.

వాడి మాటలో తప్పులేదు. ఇప్పుడు దాని బరువు 105.6 కారెట్లు, అంటే 21 గ్రాములు. మన లెక్కలో రెండు తులాలకు కొంచెం తక్కువ. లండన్ వచ్చేనాటికి అది 191 కారెట్ల దాకా ఉండేది. మిగతాది ఏమయిందో ఆ సాయంత్రం కోట బయట బల్ల మీద కూర్చుని వాడికి చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

కోహినూరు కొల్లూరులోనే దొరికిందనడానికి గట్టి ఆధారపత్రం లేదుగాని, చాలామంది నమ్మకం అదే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ గనిని చూచి, అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని వ్రాశాడు. మగవారు నేల త్రవ్వేవారు, ఆడవారూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ మట్టిని కడిగి, ఆరబెట్టి, జల్లించి, చేతులతో వెదికితే ఎక్కడో ఒక రాయి. అదైనా చూడగానే తళతళలాడదు. ముడి వజ్రం మసకబారిన పటికముక్కలా ఉంటుంది.

ఆ రోజుల్లో మన సానవారికి బరువే ప్రధానం. రాయి శుభ్రంగా ఉంటే చక్రం మీద కొద్దిగా ఆనించి వదిలేసేవారనీ, మచ్చలుంటే వాటిని కప్పిపుచ్చడానికే చిన్న చిన్న పలకలు చెక్కేవారనీ టావెర్నియే వ్రాశాడు. రాజుల కంటికి పెద్ద రాయే గొప్ప రాయి.

అయితే బరువు తగ్గిస్తే చాలు, అందం వస్తుందని కూడా అనుకోకూడదు. కొల్లూరులోనే దొరికిన మొగలుల మహావజ్రాన్ని హోర్టెన్సియో బోర్జియో అనే వెనిస్ పనివాడికి అప్పగించారు. దానిలో దోషాలున్నాయి. వాటి వాటం చూచి ముక్కలుగా చీల్చి ఉంటే మంచి రాళ్ళు మిగిలేవి. అతడు మొత్తాన్ని అరగదీశాడు. పెద్ద భాగం పొడి అయిపోయింది, అనుకున్న అందమూ రాలేదు. కూలి ఇవ్వకపోగా 10,000 రూపాయల జరిమానా వేశారు. అతని దగ్గర ఇంకా ఉంటే ఇంకా తీసుకొనేవారేనట!

వజ్రాన్ని కోయడంలో అంత కష్టమేముంది? కర్రకు నారవాటం ఉన్నట్లే వజ్రానికీ వాటం ఉంది. ఒక దిక్కున చీలుతుంది, ఇంకో దిక్కున అరుగుతుంది, మరో దిక్కున ఎంత రుద్దినా లొంగదు. దానిని అరగదీయడానికి పనికివచ్చేది వజ్రపు పొడే. ఆ పొడిని నూనెలో కలిపి, తిరిగే ఇనుప చక్రానికి పూసి సానపడతారు.

ఇక మెరుపు సంగతి. వజ్రంలో వెలుగు గాలిలో పోయే వేగంలో సగంకన్నా తక్కువ వేగంతో నడుస్తుంది. అందుచేత లోపలికి వెళ్ళిన వెలుగు బాగా వంగుతుంది, సులువుగా బయటపడలేదు. అడుగు పలకలు సరైన వాలులో ఉంటే, అవి అద్దాల్లా పనిచేసి వెలుగును తిరిగి పైకి, మన కంటికి పంపుతాయి. గుండ్రని వజ్రానికి ఆ వాలు 41 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. అడుగు మరీ చదునైతే వెలుగు చిల్లుకుండలో నీళ్ళలా క్రిందికి కారిపోతుంది. మరీ లోతైతే నడుమ నల్లగా కనబడుతుంది. వెలుగు బయటికి వచ్చేటప్పుడు రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల తళుకే వజ్రం సొగసు. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఈ కోణాలను లెక్కగట్టి చూపాడు. అంతకుముందు పనివారికి కన్నూ చెయ్యీ అనుభవమే ఆధారం.

కోహినూరు 1849లో లాహోరు ఒప్పందంతో ఇంగ్లీషువారి చేతికి పోయింది. దానిని అప్పగించిన మహారాజు దులీప్ సింగ్ అప్పటికి పదేళ్ళ పిల్లవాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో దానిని చూచిన జనం, ఇది గాజుముక్కలా ఉందే అని పెదవి విరిచారు. గ్యాసు దీపాలు, అద్దాలు అమర్చినా లాభం లేకపోయింది. 1852లో దానిని మళ్ళీ కోయించాలని నిర్ణయించారు. ఆమ్‌స్టర్‌డామ్ నుండి వూర్జాంగర్, ఫెడ్డర్ అనే పనివారిని రప్పించారు, చక్రం త్రిప్పడానికి ఆవిరి యంత్రం పెట్టారు. మొదటి పలకకు రాయిని ఆనించినవాడు ముసలి వెల్లింగ్టన్ ప్రభువు. 38 రోజుల పని, 8,000 పౌండ్ల ఖర్చు. 85 కారెట్లు పొడిగా పోయాయి. మా మనవడు అడిగిన మిగతా గుడ్డు అదే!

"మరి మంచిపనే చేశారా తాతయ్యా?" అన్నాడు వాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పనివారి నేర్పు గొప్పదే. వారు చెక్కిన పలకలే ఈ రోజు మేము చూచిన వెలుగు. కాని ఒక చిన్నపిల్లవాడి చేతినుండి తీసుకున్న వస్తువును, అతణ్ణి అడగకుండా, మళ్ళీ పూర్వపు రూపం రాకుండా మార్చారు. పని బాగుండడం వేరు, ఆ పని చేసే హక్కు ఉండడం వేరు అని వాడికి చెప్పాను. వాడికి ఎంత అర్థమయిందో తెలియదు.

మన ఇళ్ళలో పెళ్ళికి ఒక రవ్వ ముక్కుపుడకో దుద్దులో కొనేవారికి ఒక మాట. ఎన్ని కారెట్లు అని మాత్రమే అడగకండి. కొట్టు దీపాల క్రింద ప్రతి రాయీ మెరుస్తుంది. గుమ్మం దగ్గరకు తెచ్చి, పగటి వెలుగులో అటూ ఇటూ త్రిప్పి చూడండి. నడుమ నలుపుగానీ అంచున మసకగానీ ఉంటే కోత సరిగా లేదన్నమాట. పెద్ద రాయికన్నా చక్కగా కోసిన చిన్న రవ్వే ఎక్కువ తళుకులీనుతుంది.

కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ క్రింద ఉంది. మట్టి మోసిన ఆ వేలమందిలో ఒక్కరి పేరైనా మనకు మిగలలేదు. బయలుదేరేముందు మనవడు నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి చూద్దాం తాతయ్యా" అన్నాడు. మళ్ళీ వరుసలో నిలబడ్డాము.